మందు పోయని మడి

"మా గోడ పక్క మట్టికి మాత్రం మందు పొయ్యరేం మేడమ్?"

దర్జీ గొంతులో అప్పటికే కారం ఉంది.

మూతపడ్డ వర్క్‌షాపు వెనక స్థలం అది. ఏళ్ళ తరబడి పారబోసిన పాత ఇంజిన్ నూనె అక్కడి మట్టిలోకి ఇంకిపోయింది. గాలి వీస్తే ఆ దుమ్మంతా ఇళ్ళలోకే. దర్జీ కూతురు ఒళ్ళంతా దద్దుర్లతో, గోక్కుని గోక్కుని, నిద్రకు మొహం వాచిపోయింది.

రోజూ మాస్కు పెట్టుకుని వచ్చే ఈ పరిశోధకురాలు కంచె లోపల రెండు మడులు కట్టింది. గేటు దగ్గరి మడిలో నీలం డ్రమ్ములోంచి బురదనీళ్ళలాంటిదేదో పోస్తుంది. ఇళ్ళ గోడల మధ్య ఉన్న రెండో మడి జోలికే పోదు.

"డ్రమ్ములో ఉన్నవి నూనెను తినే సూక్ష్మజీవులండీ. మట్టి వాటివల్లే బాగుపడిందని చూపించాలంటే, పోల్చడానికి ఒక మడిని ఉన్నదున్నట్టు వదిలేయాలి. అది రుజువైతేనే స్థలం మొత్తం శుభ్రం చెయ్యనిస్తారు."

"వదిలేయడానికి మా పక్కే దొరికిందా?"

"ఎవరి గోడ పక్కన వదిలినా ఇదే మాట అంటారు."

"మీ పిల్లే అయితే ఇలాగే వదిలేసేవారా?"

ఆవిడ డ్రమ్ము మూత బిగించి వెళ్ళిపోయింది.

దర్జీకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఆవిడ భోజనానికి వెళ్ళగానే కంచె సందులోంచి దూరాడు. డ్రమ్ములోది బకెట్ నిండా ముంచి, తమ పక్క మడిలో గుమ్మరించాడు. ఏదో అలికిడి కావడంతో బకెట్ అక్కడే వదిలేసి బయటపడ్డాడు.

"ఇంక తగ్గిపోతుందిలే తల్లీ," అంటూ కూతురికి ఆయింట్‌మెంట్ రాశాడు. ఆ పూట అన్నం కూడా తృప్తిగా తిన్నాడు మహానుభావుడు.

మట్టి పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు అధికారి జీపు దిగాడు. చుట్టుపక్కల వాళ్ళంతా కంచె దగ్గర మూగారు.

"వదిలేసిన మడిలోనూ మీ సూక్ష్మజీవులే ఉన్నాయి. ఇంక దేన్ని దేనితో పోల్చమంటారు? ఈ స్థలానికి నేను అనుమతి ఇవ్వలేను. ఎవరు పోశారిది?"

మడిలో దొరికిన బకెట్ ఆవిడ చేతిలో ఉంది. దాని పిడికి చుట్టిన పూలగుడ్డ, కంచె పట్టుకుని నిలబడ్డ దర్జీ కూతురి గౌను గుడ్డే.

దర్జీ తేలు కుట్టిన దొంగలా నోరు మెదపలేదు.

ఆవిడ గౌను వంక చూసింది. పాప చేతుల మీది దద్దుర్ల వంక చూసింది.

"నేనేనండీ. పొరపాటున పోశాను."

ఆ రాత్రి దర్జీకి కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే గేటు కాపలా తాత దగ్గరికి పరిగెత్తాడు.

"తాతా, మేడమ్ ఎప్పుడొస్తుంది? పోసింది నేనే. ఆఫీసరుకి కూడా చెప్పేస్తాను."

"ఇంకెక్కడి మేడమ్ నాయనా. ఉద్యోగంలోంచి తీసేశారు. ఇందాకే పాపని ఎత్తుకుని ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయింది."

"పాపా? అసలు ఆవిడ ఇల్లెక్కడ?"

తాత వదిలేసిన మడికి అవతలి గోడ వైపు చెయ్యి చూపించాడు. ఆ ఇంటి గుమ్మం వెనక వీధిలో ఉంది. ఇటు వైపు ఒక్క కిటికీయే.

తెరిచి ఉన్న ఆ కిటికీ గట్టు మీద, దర్జీ తన కూతురికి రాసే ఆయింట్‌మెంట్ ట్యూబులే, చివరిదాకా పిండేసినవి, వరసగా పడి ఉన్నాయి.