నచ్చితే ఇటు, నచ్చకపోతే అటు

తెల్లబోర్డు మధ్యలో టీచరమ్మాయి నిలువుగా ఒక గీత గీసింది.

గీతకి ఇటుపక్క, నచ్చిన మనిషికి వాడే మాటలు. అటుపక్క, అదే మనిషి నచ్చకపోతే వాడేవి.

ఇటు థ్రిఫ్టీ, అటు స్టింజీ. ఇటు ఉంటే పొదుపరి, అటు వెళ్తే పిసినారి. మనిషి ఒక్కరే, బట్టలు కూడా మార్చుకోనక్కర్లేదు.

పక్కకి తిరిగి నవ్వబోయి ఆగిపోయాను.

పక్కన మా వియ్యపురాలు.

అంటే, నిరుటి దాకా. కోర్టులో పిల్లలిద్దరూ సంతకాలు పెట్టేశాక ఆవిడ నాకేమవుతుందో ఎవరూ చెప్పలేదు. మొగుడూపెళ్ళాలు విడిపోతే మాజీలవుతారు. వియ్యపురాళ్ళు ఏమవుతారు?

మందుల షాపు మీద మేడలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే క్లాసు ఇది. చదివితే అర్థమై, మాట్లాడబోతే నోరు పెగలని నాబోటి వాళ్ళకి పొద్దుటి బ్యాచ్. ఆవిడ నిన్ననే చేరింది. ఖాళీ కుర్చీ నా పక్కదొక్కటే.

నిన్న ఫోన్లో చెబితే మా అబ్బాయి ఒకటే మాటన్నాడు. "సాయంత్రం బ్యాచ్‌కి మారిపో అమ్మా. ఆవిడతో మనకి మాటలొద్దు."

సరేనన్నాను. క్లాసయ్యాక కౌంటర్లో చెప్పేస్తే అయిపోతుంది.

నిజం చెప్పాలంటే, ఆ పెళ్ళిలో నాకు మిగిలిన లాభం ఆవిడే. రోజూ మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి ఆవిడకి ఫోన్ చేసేదాన్ని. మా ఆయన మీద చెప్పుకుని నవ్వుకోవడానికి అంత మంచి మనిషి మళ్ళీ దొరకలేదు.

"పక్కవాళ్ళ గురించి చెప్పండి," అంది టీచరమ్మాయి. "మీకేమవుతారు, ఎలాంటివాళ్ళు. తెలియకపోతే అడిగి తెలుసుకోండి."

అడిగి తెలుసుకోవాలట.

"ముందు మీరు," అన్నాను.

"అబ్బే, మీరు సీనియరు కదా."

"వారానికేం సీనియారిటీ అండీ."

"వారమైనా పెద్దరికమే."

చివరికి ఆవిడే మొదలుపెట్టింది. "షి ఈజ్..." అని బోర్డు వైపు చూసింది. గీతకి ఇటు, తర్వాత అటు. వైవా పరీక్షలో కూడా నా గుండె అలా కొట్టుకోలేదు.

"షి ఈజ్ డిటర్మిన్డ్."

పట్టుదల గల మనిషినట. ఊపిరి పీల్చుకున్నాను.

"అండ్ స్టబన్."

"మొండిదాన్ని కూడానా?"

"రెండూ మీరేగా."

టీచరమ్మాయి మా దగ్గరికొచ్చింది. "గుడ్! ఆవిడ మీకేమవుతారు?"

"మా అమ్మాయికి..." అని ఆవిడ ఆగింది.

"మా అబ్బాయి..." అని నేనూ ఆగిపోయాను.

"ఓహో, మీ పిల్లలు ఫ్రెండ్సా!"

ఇద్దరం తలూపాం. ఆవిడ నిలువుగా, నేను అడ్డంగా.

ఆ పిల్ల వెనక వరసకి వెళ్ళాక ఆవిడ నావైపు వంగింది. బోర్డు మీద ఒక జంట చూపించింది. ఇటు క్వైట్, అటు కోల్డ్.

"సంబంధం మాట్లాడుకున్నప్పుడు మీరన్నారు, మావాడు నెమ్మదస్తుడండీ అని."

"అన్నాను."

"మా అమ్మాయి అటుపక్క మాట అంటుంది. రోజంతా ఎదురుచూసినా ఒక్క పలుకుండేది కాదట. తిట్టడానికైనా సరే." ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. "ఏది కరెక్టండీ?"

కన్నతల్లిని. నాకు తెలియాలి.

చిన్నప్పుడు మెట్ల మీంచి పడి మోకాలు చీరుకుపోయినా వాడు ఏడవలేదు. ఎంత బుద్ధిమంతుడో అని పక్కింటివాళ్ళంటే మురిసిపోయాను. ఆ బుద్ధి ఇటుదో అటుదో, బోర్డు వైపు ఎంతసేపు చూసినా తేలలేదు.

"తెలీదండీ," అన్నాను.

"మా పిల్ల సంగతి మాత్రం నాకు తెలుసా ఏమిటి? సెన్సిటివ్ అనుకునేదాన్ని. దానికి అటుపక్క ఏం రాసింది?"

"టచీ."

"అంటే?"

"ఏమన్నా అంటే చాలు, ఉడుక్కునే రకం."

"ఊఁ," అంది ఆవిడ. నోటుబుక్కులో ఆ మాట రాసుకుంది.

క్లాసయ్యాక కౌంటర్ ముందు నిలబడ్డాను. ఆవిడ నా వెనకాలే.

"చెప్పండి మేడమ్," అంది కౌంటర్ అమ్మాయి.

చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చింది.

"ఏం లేదమ్మా. మంచినీళ్ళెక్కడ?"

"మీ మోచెయ్యి పక్కనే మేడమ్."

నీళ్ళు తాగుతుంటే ఫోన్ మోగింది. మా అబ్బాయి.

"మారావా?"

"లేదు."

"ఎందుకని? ఆవిడ పక్కనుందా?"

ఆవిడ చెయ్యి చాపింది. ఇచ్చేశాను. ఎందుకిచ్చానో నన్నడక్కండి.

"బాబూ," అంది ఆవిడ. "ఒంట్లో బాగుంటోందా? వేళకి తింటున్నావా?"

వాడి గొంతు నాకూ వినిపించింది.

"బానే ఉన్నానండీ."

ఇదివరకైతే ఆ మాట పక్కనే 'అత్తయ్యా' అని ఉండేది.

అటునుంచి ఇంకేమీ రాలేదు. వాడు ఫోన్ పెట్టెయ్యనూ లేదు.

ఆవిడ రెండో చెవి మూసుకుని, వింటూ నిలబడింది.