వాయవ్యం మూల స్టోరు

రామరాజు గారూ నీలవేణి గారూ ఒకే కారులోంచి దిగడం చూసి, ఇళ్ళ ప్లాన్లు గీసే ప్రసన్నకుమార్‌కి కంగారు పట్టుకుంది. ఇన్నాళ్ళూ కొత్తింటి ప్లాను చూసుకోవడానికి ఆయనొక పూట, ఆవిడొక పూట విడివిడిగానే వచ్చేవారు.

దానికి కారణం ఉంది. "మా ఆవిడ గురక పెడితే రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్ ఆడినట్టే ఉంటుందయ్యా. పడుకోడానికి నాకో గది విడిగా వెయ్యి. ఆవిడ చూసే ప్లానులో మాత్రం కనపడకూడదు, మనసు కష్టపెట్టుకుంటుంది. స్లాబు పడ్డాక నేను చెప్పుకుంటాలే" అని రాజుగారు గొంతు తగ్గించి చెప్పారు. మర్నాడు నీలవేణి గారొచ్చి, ఆయన గురక గురించి అంతకంటే ఎక్కువ గోడు వెళ్ళబోసుకుని, తనకీ ఒక గది అడిగారు. అదీ ఆయనకి తెలియకూడదు. అదనపు గది వాయవ్యంలో తప్ప ఇంకెక్కడా పనికిరాదని సిద్ధాంతి గారు తేల్చేయడంతో, ప్రసన్నకుమార్ ఆ మూలనే రెండు ముక్కలు చేసి ఇద్దరికీ సర్దేశాడు.

దాచడం అతనికి చిటికెలో పని. కంప్యూటర్లో ఇల్లు ఒక్కటే గీస్తారు. దాన్ని చూపించే కిటికీలు, అదే వ్యూపోర్టులు, ఎన్నయినా పెట్టుకోవచ్చు. రాజుగారి గది ఒక లేయరు, అంటే విడిగా ఒక పొర; అమ్మగారి గది ఇంకో లేయరు. ఎవరి కిటికీలో అవతలివాళ్ళ లేయరు ఫ్రీజ్ చేసేస్తే సరి, ఆ గది మాయం. ఇద్దరూ విడివిడిగా తెగ మురిసిపోయారు.

ఇప్పుడిద్దరూ కలిసి మెట్లెక్కుతున్నారు. ఆఫీసు తెరిచాక దొరికిన మొదటి ఇల్లిది. ఇది చేజారితే షట్టరు దించుకుని మళ్ళీ రాజమండ్రిలో ఒకళ్ళ కింద పనికి కుదరాల్సిందే. వాళ్ళు గుమ్మంలోకొచ్చేలోగా ప్రసన్నకుమార్ మూడో కిటికీ తెరిచి, రెండు లేయర్లూ ఫ్రీజ్ చేసి, ఆ కిటికీ మీదే వాయవ్యం మూలన 'స్టోరు' అని టైపు కొట్టాడు.

"ఏదయ్యా, చూపించు" అన్నారు రాజుగారు కుర్చీ లాక్కుంటూ.

చూపించాడు. వాయవ్యంలో గోదాములాంటి స్టోరు. అంత స్టోరు దేనికని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. రాజుగారు అతని వంక చూసి కన్ను గీటారు. నీలవేణి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"అంతా బాగుంది గానీ బాబూ, వంటింటి గుమ్మం కాస్త ఇటు జరుపు" అన్నారావిడ.

ప్రసన్నకుమార్ తెరని తనవైపు తిప్పుకుని, కిటికీలు వదిలేసి అసలు బొమ్మలోకెళ్ళి గుమ్మం జరిపాడు.

"సరే, ప్రింటు ఇచ్చెయ్. మేస్త్రి సాల్మన్ కింద కార్లో ఉన్నాడు. రేపు ముగ్గు పోసేస్తాం" అన్నారు రాజుగారు.

గండం గడిచిందన్న ఆనందంలో అతను అక్కడికక్కడే ప్రింటు నొక్కేశాడు. నొక్కాక గుర్తొచ్చింది. కిటికీలో ఫ్రీజ్ చేసింది ఆ కిటికీ వరకే. అసలు బొమ్మలో అన్నీ కనపడతాయి.

సెకండ్ హ్యాండ్ ప్లాటరు మూలుగుతూ కాగితం బయటికి తోస్తోంది. దక్షిణం గేటు వచ్చింది. పోర్టికో వచ్చింది. హాలు వచ్చింది.

"కరెంటుతో ఏదో తేడాగా ఉందండి, ఆపేస్తాను" అంటూ ప్లగ్గు మీదకి దూకాడు ప్రసన్నకుమార్.

"షాక్ కొడుతుందయ్యా, ముట్టుకోకు" అని రాజుగారు అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

వంటిల్లు వచ్చింది. చివరికి వాయవ్యం కూడా వచ్చింది. పక్కపక్కనే రెండు గదులు. ఒకదాంట్లో 'రాజుగారి పడక', ఇంకోదాంట్లో 'అమ్మగారి పడక'.

మొగుడూ పెళ్ళాలిద్దరూ కాగితం మీదకి వంగి చదువుకున్నారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ప్రసన్నకుమార్‌కి ఏడుపొక్కటే తక్కువ. మనసులో షట్టరు సగం దించేశాడు కూడా.

రాజుగారు కళ్ళజోడు సవరించుకుని, రెండు గదుల మధ్య గీత మీద వేలు పెట్టారు.

"ఈ గోడ మందం ఎంతయ్యా?"

"నాలుగున్నర అంగుళాలండి."

"తొమ్మిది చెయ్యి."

"తొమ్మిదికేం ఆగుతుందండీ" అన్నారు నీలవేణి గారు. "రెండు గోడలు కట్టించి మధ్యలో ఊక కూరించండి."