ఎర్ర డబ్బా దగ్గర ఆవిడ

ఎర్ర డబ్బా ముందు క్యూ చూసేసరికి ఓమనకి కడుపు మండిపోయింది.

నెలనెలా రెండో శనివారం వెల్లంతురుత్తు లంక బడి ఆవరణలో పాతసామాను మేళా జరుగుతుంది. ఇంట్లో అక్కర్లేనివి తెచ్చి బల్ల మీద పెట్టి, కావలసినవి పట్టుకుపోవచ్చు. కడిగి, ఆరబెట్టి, మూటకట్టిన ప్లాస్టిక్ కవర్లు ఒకవైపు తీసుకుంటారు. కాలిపోయిన ట్యూబులైట్లు, గడువు దాటిన మందులు, సూదులు వేసే ఎర్ర డబ్బా మరుగుదొడ్ల పక్కన ఉంటుంది. అక్కడ కూర్చోమంటే ఎవరికైనా సరిగ్గా ఆ రోజే నడుంనొప్పి వస్తుంది.

ఇవాళ అక్కడ ఎవరో కొత్తావిడ కూర్చుంది. అరవై దాటినట్టుంది. తెల్ల ముండు పంచె, చేతులకి మందపాటి తొడుగులు, ముఖానికి మాస్కు.

"ఎవరే ఆవిడ?" షీబని అడిగింది ఓమన. ఇద్దరూ ఇంటింటికీ తిరిగి చెత్త సేకరించే పచ్చకోటు జట్టు మనుషులే. రెండేళ్ళ కిందట ఒకేసారి చేరారు.

"ఎవరో మరి. పొద్దుటి పడవ దిగింది. పంచాయతీ ప్రెసిడెంటుగారే కుర్చీ వేయించారు."

"ఆయనే?"

"టీ కూడా ఆయనే తెచ్చిచ్చారు. అరటికాయ బజ్జీతో సహా!"

రెండేళ్ళ చాకిరీలో ఓమనకి ఆయన చేతి మంచినీళ్ళు కూడా దక్కలేదు.

పైగా ఇవాళ సాయంత్రం జట్టుకి కొత్త లీడరు పేరు చదువుతారు. ఆ పేరు తనదేనని ఓమన అత్తగారికీ ఆడపడుచుకీ చివరికి చేపలవాడికీ కూడా చెప్పేసింది. ఇప్పుడీవిడ ఎక్కణ్ణుంచి ఊడిపడింది?

ఎర్ర డబ్బా దగ్గర నవ్వులు వినిపించాయి.

"ఈ బిళ్ళలు ఇన్నాళ్ళూ పెరట్లో పారేశానమ్మచ్చీ," అంటోంది ఒకామె.

"మీ కోళ్ళకి బీపీ ఉందా?" అంది కొత్తావిడ.

మళ్ళీ నవ్వులు. కవర్లు తీసుకునే ఓమన బల్ల ముందు మాత్రం ఇద్దరే ఉన్నారు. వాళ్ళకి కూడా, "పాల కవరు జిడ్డోడుతోంది, తీసుకెళ్ళి మళ్ళీ కడుక్కురండి," అని అక్షింతలు పడ్డాయి.

"నువ్విలా కసురుతుంటే జనం అటే పోతారు," అంది షీబ.

"పోనీ! నవ్వులు పంచేవాళ్ళనే లీడర్ని చేసుకోమను!"

క్యూ పలచబడ్డాక కొత్తావిడ పట్టకారు పట్టుకుని ఓమన బల్ల దగ్గరికే వచ్చింది. చక్కగా కట్టిన మూటలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"కడిగినవే చేచ్చీ! మళ్ళీ కెలుకుడెందుకు?" అక్కా అని పిలుస్తూనే విసుక్కుంది ఓమన.

"కడిగినంత మాత్రాన సూది మొద్దుబారదు మోళే," అంది ఆవిడ, కూతుర్ని పిలిచినట్టు.

నా బల్ల దగ్గరికొచ్చి నాకే పాఠాలా, అనుకుంది ఓమన. ఆవిడ మరో మూట విప్పింది. దాని మీద ఓమన ఇంటి నంబరే ఉంది.

పట్టకారు ఒకచోట ఆగింది. మడిచిన పాల కవరులోంచి సన్నటి ఇన్సులిన్ సూది బయటికొచ్చింది. ఆవిడ ఎవరి కంటా పడకుండా ఒళ్ళు అడ్డం పెట్టి, సూదిని మందపాటి సీసాలో జారవిడిచింది.

"ఇంట్లో ఎవరికైనా షుగరా, మోళే?" మెల్లగా అడిగింది.

అత్తగారి పని! లీడరు కాబోయేదాని ఇంటి మూటలోనే సూది దొరికిందని ఈవిడ ప్రెసిడెంటు చెవిన వేస్తే ఇంకేముంది? అందుకే కాబోలు వెతుక్కుంటూ వచ్చింది.

"మీది ఏ వార్డు?" గొంతు పెంచింది.

"ఇక్కడి దాన్ని కాదు."

"అయితే బయల్దేరండి. బయటివాళ్ళు ఇక్కడ కూర్చోకూడదు. రూలు."

ఆ రూలు ఓమన అప్పటికప్పుడు పుట్టించిందే.

"సాయంత్రం పేరు చదివేదాకా ఉంటాను మోళే."

"ఆ పేరుతో మీకేం పని? ఊరుకాని ఊరొచ్చి మా పొట్టలు కొడతారా?"

జనం తిరిగి చూశారు. కొత్తావిడ కోప్పడలేదు. తొడుగులు విప్పి, చేతులు కడుక్కుంది.

"ఆ సీసా మూత గట్టిగా బిగించు. సంచి ఎత్తేటప్పుడు ఎప్పుడూ కింద చెయ్యి పెట్టకు, మోళే."

"నాకు తెలుసులెండి."

ఆవిడ ఎక్కిన రెండు గంటల పడవ కూత పెట్టి కదిలాక గానీ ఓమన కడుపు చల్లబడలేదు.

సాయంత్రం ప్రెసిడెంటు ఫిలిప్పోస్ గారు కాగితం తీసి చదివారు. లీడరు ఓమనే. షీబ ఈల వేసింది. ఓమనకి కాళ్ళు నేల మీద ఆనలేదు. అనవసరంగా ఆ ముసలావిణ్ణి చూసి భయపడ్డాను కదా అని నవ్వుకుంది.

ప్రెసిడెంటు కొత్త కోటు చేత్తో పట్టుకుని అటూ ఇటూ చూశారు.

"ఎర్ర డబ్బా దగ్గర కూర్చున్న అమ్మచ్చి ఏరి?"

"వెళ్ళిపోయారు సార్."

"అదేంటి? నీకీ కోటు తన చేత్తో తొడగాలనే కదమ్మా, కొండల్లోంచి అంత దూరం వచ్చింది!"

"నాకా? నేనెవరో ఆవిడకేం తెలుసు?"

"వారం కిందట నీ పేరు నేనే చెప్పాను. ఆ పిల్లని ఒకసారి కళ్ళారా చూడాలంది."

"ఎందుకు సార్?"

ప్రెసిడెంటు కోటు మడత సరిచేశారు.

"నీకు ముందు ఈ ఇళ్ళన్నీ తిరిగి, ఎవరింటి సంచిలోదో సూది గుచ్చుకుని, కామెర్లు ముదిరి చనిపోయిన జిన్సీ ఉందే," అన్నారు, "ఆవిడ ఆ పిల్ల తల్లి."