టేపు రెండో కొస

ఎండిపోయిన కందిచేలో ఒక్క మడి మాత్రం పచ్చగా కాసి ఉండటం చూసి కొలతల సారు మొహం మాడిపోయింది.

పరిశోధన కేంద్రం నుంచి ఆయన ఏటా వచ్చి పంట కొలుచుకుని పోతాడు. ఇనుప టేపు ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండో కొస ఆ చేను సాగుచేసే ఆమె పట్టుకుంటుంది. ఇన్నిసార్లు కొలుస్తున్నది ఏదో ఒకటి ఇవ్వడానికేనని ఆమె నమ్మకం.

"ఈ విత్తనం ఎక్కడిదమ్మా?"

"మీదే సార్! పక్క ఊళ్ళో మా అక్కకి ఇచ్చారుగా. ఇంత కొంగున కట్టుకొచ్చా. వాన మొహం చూడకపోయినా ఎలా కాసిందో చూడండి!" మెచ్చుకుంటాడనుకుని ఆమె మొహం చాటంత చేసుకుంది.

"కొంప ముంచావు తల్లీ. మా పైవాళ్ళు చూడకముందే పీకెయ్."

"కాసే చెట్టుని పీకడమేంటి సార్?"

ఆయన విసుగు దిగమింగి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "విత్తనం ఇచ్చిన ఊరు బాగుపడిందని రుజువు కావాలంటే, ఇవ్వని ఊరొకటి పక్కన ఉండాలి కదా. అది మీ ఊరు. మీరు ఇలాగే ఉంటేనే, వాళ్ళ పేదరికం ఎంత తగ్గిందో మాకు తెలిసేది."

"మరి మా వంతు ఎప్పుడు సార్?"

"మాకు అన్నిటికంటే ముఖ్యమైన ఊరు మీదేనమ్మా," అన్నాడు ఓదార్పుగా. "రా, ఆ ఎండిన వైపు కొలుద్దాం. కొస గట్టిగా పట్టుకో, వదిలావంటే వచ్చి నా మొహం పగలగొడుతుంది."

ఆమె పట్టుకుంది. ఆయన టేపు లాక్కుంటూ అవతలి గట్టుకు చేరి, బిగించి, అంకె చూడటానికి బాగా కిందికి వంగేదాకా ఆగింది.

అప్పుడు వదిలేసింది.