ఆకు కొసన ముడి

“అది తీసేస్తే గానీ డిస్క్‌లో చోటు రాదమ్మా,” అన్నాడు కొడుకు.

“అది తీసేస్తే నా పని అటకెక్కినట్టే,” అంది తల్లి.

ముందుగదిలో ఎంబ్రాయిడరీ మిషన్ ఆగిపోయి ఉంది. స్కూలు గుర్తయిన ఆకు సగం కుట్టిన పిల్లల చొక్కా జేబులు ఒక పక్క, ఉత్త గుడ్డలు ఒక పక్క. సాయంత్రానికల్లా స్కూలు మనిషి వస్తాడు. డిజైన్ గీయాల్సిన కంప్యూటరేమో డిస్క్ నిండిపోయిందని ఎర్రగీత చూపించి చేతులెత్తేసింది.

గొడవంతా ఆవిడ డిజైన్ సాఫ్ట్‌వేర్ గురించే.

అది బాగా పాతది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త కంప్యూటర్లు దాన్ని గడప తొక్కనివ్వవు. అందుకని కొడుకే ఆ మధ్య కొత్త కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్‌ని కూర్చోబెట్టాడు. వాడు దాన్ని వర్చువల్ మెషీన్ అంటాడు. ఆవిడకది ‘నా పెట్టె’. ఆ పెట్టె తెరుచుకుంటేనే ఇంట్లో సూది కదులుతుంది.

ఇప్పుడు వాడి కన్ను ఆ పెట్టె మీదే పడింది. డిస్క్‌లో అంత లావు సామాను ఇంకోటి లేదట. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోమని పొద్దున్నుంచీ చెవిలో జోరీగలా పోరుతున్నాడు.

“కొత్తవాటికి ముడి వెయ్యడం రాదురా,” అందావిడ.

గుమ్మంలో ఎవరో దగ్గారు.

ఎవరో పెద్దావిడ. ఈ వీధిలో ఎప్పుడూ చూసిన మొహం కాదు. చేతిలో చిన్న స్కూలు చొక్కా. మనవరాలు ఎక్కడో తగిలించుకుని జేబు చింపుకుందనీ, కొత్త జేబు కుట్టించుకుందామని వచ్చాననీ చెప్పింది.

“గుడ్డ చిరిగింది గానీ ఆకు మాత్రం ఊడలేదమ్మా,” అంటూ జేబు మీది ఆకును వేలితో తడిమింది. “దేని మీద వేస్తారిది?”

అడగడమే ఆలస్యం. తల్లి తన పెట్టె గొప్పా, దానికొచ్చిన గండమూ పూసగుచ్చినట్టు చెప్పుకొచ్చింది.

పెద్దావిడ మొహంలో రంగు మారింది. కొడుకు వైపు తిరిగి, “తీసెయ్యడానికి ఆ పెట్టె తప్ప ఇంకేం లేవా నాన్నా?” అంది.

ఊరూ పేరూ తెలియని మనిషి తగుదునమ్మా అని మధ్యలో దూరడం వాడికి నచ్చలేదు. లేవని చూపించడానికే సెట్టింగులన్నీ ఒక్కొక్కటిగా తెరిచాడు. ఒకచోట ఆగిపోయాడు.

అవి రిస్టోర్ పాయింట్లు. ఏదైనా చెడిపోతే వెనక్కి వెళ్లడానికి కంప్యూటర్ తన పాత స్థితిని దాచుకునే గుర్తులు. ఒకసారి వైరస్ పట్టి కంప్యూటర్ కుప్పకూలినప్పుడు, హడలిపోయి వాటికి డిస్క్‌లో దాదాపు సగం రాసిచ్చేశాడు. ఆ సంగతి మర్చిపోయాడు. అవి పేరుకుని పేరుకుని కూర్చున్నాయి.

“ఎవరు పెట్టారట అంత వాటా?” అంది తల్లి.

కొడుకు మౌస్ అందుకున్నాడు. తాజాది ఒక్కటి ఉంచి పాతవన్నీ తుడిచేశాడు. వాటా బాగా తగ్గించాడు. ఎర్రగీత నీలంగా మారింది. మంచినీళ్లు తాగొస్తానని లోపలికి జారుకున్నాడు.

పెట్టె తెరుచుకుంది.

ఇక తల్లిని పట్టడం ఎవరి తరమూ కాలేదు. పెద్దావిడను పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా పాఠం మొదలెట్టింది. రంగులు ఎక్కడ మార్చాలో, ఆకు ఎలా గీయాలో చూపించింది. ఆకు పూర్తవగానే సాఫ్ట్‌వేర్ దానంతటదే కొసన చిన్న ముడి వేస్తుందనీ, ఆ ముడి వల్లే ఎన్ని ఉతుకులు ఉతికినా దారం లేవదనీ చెప్పింది. నడిమి ఈనె మీద కూడా అలాంటి ముడి పడితే ఇంకా గట్టిగా ఉండేదనీ, అదెలాగో ఇన్నేళ్లయినా తనకు అంతు చిక్కలేదనీ ఒప్పుకుంది.

“ఒక్కటే చిక్కు. దీన్ని చేసినవాళ్లది ఎడమచేతి వాటం అయ్యుంటుందండీ. తెర మీద బొత్తాలన్నీ నాకు అడ్డదిడ్డంగా ఉంటాయి. మొదట్లో నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.”

“పాపం, ఇబ్బంది పెట్టారన్నమాట,” అని నవ్విందావిడ.

“ఇబ్బంది ఎంతలెండి. మావాడి చదువూ, ఈ ఇల్లూ అన్నీ దీని చలవే. చేసిన మహానుభావులెవరో, ఎదురుపడితే కాళ్లకు దండం పెడతాను.”

పెద్దావిడ చప్పున కళ్లద్దాలు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. “నేనొక ఆకు వెయ్యనా అమ్మా?” అని అడిగింది.

కుర్చీ ఆవిడకిచ్చి తల్లి మిషన్‌కి దారం ఎక్కించడానికి వెళ్లింది. దారం ఎక్కించి తిరిగి చూసేసరికి ఆకు సిద్ధంగా ఉంది. చూడముచ్చటగా ఉంది.

“మొదటిసారికి బాగానే వేశారే,” అని మెచ్చుకుంది తల్లి.

ఆ మాటకి పెద్దావిడ బహుమతి అందుకున్న పిల్లలా మురిసిపోయింది. తన జేబుకి తొందరేం లేదనీ, ముందు స్కూలు పిల్లలవి కానిమ్మనీ చెప్పింది. చొక్కా అక్కడే పెట్టి, కొడుకు తిరిగి వచ్చేలోపే మెట్లు దిగి వెళ్లిపోయింది. పేరు అడగాలని తల్లికి తోచనే లేదు.

పని అందుకుందామని ఆవిడ కుర్చీలో కూర్చుంది. కుడిచెయ్యి అలవాటుగా మౌస్ కోసం వెళ్లింది. అక్కడ మౌస్ లేదు.

అది కీబోర్డుకి ఎడమ పక్కన ఉంది.

గబగబా తెర మీది ఆకును పెద్దది చేసి చూసింది. కొసన ముడి ఉంది. నడిమి ఈనె పొడవునా కూడా, వరసగా, పొందిగ్గా ముడులున్నాయి.

ఆవిడ గుమ్మంలోకి పరుగెత్తింది. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీగా ఉంది.

ఇందాక తను మొదటిసారికి బాగానే వేశారని మెచ్చుకున్నది, ఆ ఆకును లోకంలో అందరికంటే ముందు వేసిన చేతిని.