కొండ లోపలి నీళ్లు

ఒక నల్లరాతి కొండలో రైలు సొరంగం తొలవడానికి ఉక్కు పళ్ల యంత్రం వచ్చింది. ఆ కొండలోనే బొరియలు తవ్వుకుని బతికే, ఒంటినిండా పొలుసులున్న ముసలి అలుగు భయపడుతూనే దాని దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, ఇంకో పది బారలు పోతే రాతి పగుల్లో నీళ్లున్నాయి. మా ఊట అక్కణ్ణుంచే వస్తుంది. కాస్త పక్కకి తిరగండి," అంది.

యంత్రం నవ్వింది. "పెద్ద పెద్ద ఇంజనీర్లు నిర్ణయించిన దారి ఇది. చీమలు తినేదానివి, నువ్వు చెబితే తిరగాలా?"

అలుగు తన పిల్లల్ని తీసుకుని కొండ పైకి వెళ్లిపోయింది. నాలుగో రోజున రాయి పగిలి నీళ్లు ఎగదన్నాయి. పనివాళ్లు ఎలాగో బయటపడ్డారు. యంత్రం నిలువునా మునిగింది. మోటార్లు పెట్టి నీళ్లన్నీ తోడేసరికి మూడు నెలలు పట్టింది. ఈలోగా కొండ మీది ఊట ఎండిపోయింది. జింకలు, కుందేళ్లు వలసపోయాయి.

దాహానికి ఆగలేక అలుగు మళ్లీ సొరంగానికి వచ్చింది. దాన్ని చూసి యంత్రం ఎంతో సంబరపడింది.

"సమయానికి వచ్చావు! ఇక్కడ నీళ్లున్నాయని కనిపెట్టినందుకు నాకు సన్మానం చేశారు. కొత్త పటంలో ఆ చోటు నీలం రంగుతో గుర్తుపెట్టారు కూడా. చూడు!"

అలుగు పటాన్ని చాలాసేపు చూసింది.

"బాగుందయ్యా," అంది. "ఇప్పుడక్కడ చుక్క కూడా లేదు."