చేతులెత్తండి, అత్తయ్యా

“మీ దేవుడికి చెవుడేమిటే?” అంది దోన్యా క్లెమెన్సియా, చిక్కుళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుంటూ. “అంత అరిస్తే తప్ప వినపడదా ఆయనకి?”

“మీ దేవుడికి నిద్రెక్కువ కదా అత్తయ్యా. ఎక్కడ లేస్తాడో అని మెల్లగా పాడుకుంటారు,” అంది ఫ్లోరిదల్మా. “ఆ ఉప్పు ఇటివ్వండి. మీకు చాలు.”

“ఉప్పు సంగతి తర్వాత. మీ డ్రమ్ములు తగ్గించండి ముందు.”

ఆ ఇంట్లో రోజూ ఉండే తగువే. అత్తది ఊరి నడిబొడ్డున ఉన్న రాతి చర్చి. అక్కడ బల్లల మీద నిటారుగా కూర్చుంటారు. పుస్తకం తీసి నాలుగు చరణాలు పాడి మూసేస్తారు. ఎవరైనా దగ్గితే అందరి తలలూ అటు తిరుగుతాయి.

కోడలిది బస్టాండు వెనక రేకుల షెడ్డు. అక్కడ ఏడుస్తారు, గెంతుతారు, ఎవరికీ అర్థంకాని భాషల్లో మాట్లాడతారు. పరిశుద్ధాత్మ తాకితే ఉన్నచోటే పడిపోతారు. పడ్డవాళ్ళ మీద ఊదారంగు గుడ్డ కప్పడం ఫ్లోరిదల్మా పని. కప్పాక ఎవరూ ముట్టుకోకూడదు. దేవుడు తన పని ముగించేదాకా లేపకూడదు. పాస్టర్ రుఫినో పెట్టిన నియమం అది.

భర్త ఓవిదియో బతికున్నంతకాలం ఈ తగువు నవ్వులాటే. అతని లారీ లోయలో పడ్డాక నవ్వు పోయింది. పెళ్ళప్పుడు రాజధానిలో ఉద్యోగం మానిపించి ఫ్లోరిదల్మాని ఈ కొండ ఊరికి తెచ్చింది అత్తే. ఇల్లు అత్తది. మేజిస్ట్రేటు అత్త చర్చిలో పెద్ద. శుక్రవారం ఆయన తీర్పు చెప్పేశాడు. ఫ్లోరిదల్మా కూతురు, ఆరేళ్ళ దామారిస్, ఇక నాయనమ్మ పెంపకంలో ఉంటుంది. సోమవారం తెల్లవారు బస్సుకి రాజధానిలోని చర్చి బోర్డింగు స్కూలుకి వెళ్ళిపోతుంది.

“సెలవులకైనా నా దగ్గరికి పంపండి అత్తయ్యా.”

“పంపితే మళ్ళీ గెంతడం మొదలెడుతుంది. దేవుడి ముందు నోరు మూసుకుని కూర్చోవడం రావాలే పిల్లకి. నా మీద కోపం పెట్టుకోకు. దాని మంచికే.”

ఆ మాట ఆవిడ మనస్ఫూర్తిగానే అంది. అందుకే ఇంకేం అడిగినా లాభం లేదని కోడలికి అర్థమైంది. ఆ రాత్రి పిల్ల జుట్టులో ముఖం పెట్టుకుని పడుకుంది. నిద్రపోలేదు.

దామారిస్ మాత్రం నాయనమ్మని ఒక్కటే అడిగింది.

“ఆదివారం మా చర్చికి రావా? నేను కంజీర కొడతా. చూశావంటే, ఏడవకుండా బస్సెక్కుతా.”

దోన్యా క్లెమెన్సియా వచ్చింది. నల్ల శాలువా కప్పుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో రాతి చర్చిలో కూర్చున్నట్టే కూర్చుంది. పిల్ల రంగు రిబ్బన్లు కట్టిన కంజీర పైకెత్తి కొడుతుంటే ఆవిడ పెదవి చివర కాస్త కదిలింది కూడా.

మూడో పాటలో చేతిసంచి జారి కింద పడింది. ఆవిడ లేవబోయింది. ఏదో అనబోయింది. నోట్లోంచి మాట రాలేదు, ముద్దముద్దగా ఏవో శబ్దాలు వచ్చాయి. మోకాళ్ళ మీద కూలిపోయింది.

ఫ్లోరిదల్మా ఒక్క అంగలో వచ్చి పట్టుకుంది. నేల మీద పడుకోబెట్టి, ముఖం రెండు చేతుల్లోకి తీసుకుంది.

“అత్తయ్యా, నవ్వండి.”

సగం పెదవే కదిలింది.

“చేతులెత్తండి, అత్తయ్యా. రెండూ ఎత్తండి.”

కుడి చెయ్యి లేచింది. ఎడమది నేల మీదే ఉండిపోయింది.

“మన పిల్ల పేరు చెప్పండి.”

మళ్ళీ అవే శబ్దాలు.

ఫ్లోరిదల్మా తలెత్తి గోడ మీది గడియారం చూసింది. కంజీర పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డ కూతురిని చూసింది. తర్వాత లేచి నిలబడింది.

“ప్రభువుకు స్తోత్రం! మా అత్తయ్య మీదికి ఆత్మ దిగింది! భాషల్లో మాట్లాడుతోంది!”

షెడ్డు దద్దరిల్లిపోయింది. పాస్టర్ రుఫినో మైకు దగ్గరే మోకరించాడు. “చూశారా సంఘమా! ఇన్నాళ్ళూ మూసుకున్న నోటిని దేవుడు తెరిచాడు!” డ్రమ్ములు రెట్టింపయ్యాయి.

మొక్కజొన్నపిండి తమాలెలు వండి అమ్ముకునే దోన్యా చోన మాత్రం వంగి చూసింది. “ఏమే ఫ్లోరీ, మూతి పక్కకి పోయినట్టు లేదూ? డాక్టర్ని పిలవొద్దూ?”

“ముట్టుకోకు పిన్నీ. దేవుడు ఇంకా పని ముగించలేదు.”

ఊదారంగు గుడ్డ తెచ్చి కప్పింది. ముసలావిడ కుడి చెయ్యి కోడలి పావడా అంచు పట్టేసుకుంది. ఫ్లోరిదల్మా ఒక్కొక్క వేలే విడదీసి, ఆ చేతిని గుడ్డ కిందికి తోసింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి పొద్దు వాలిపోయింది.

“ఎప్పుడు మొదలైంది?” అన్నాడు డాక్టరు.

“పొద్దున్నే, మూడో పాటలో,” అన్నాడు పాస్టరు.

“ఇప్పుడా తేవడం? వెంటనే తెస్తే మందుంది. ఇప్పుడింకేం లేదు.”

పాస్టరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “మాకేం తెలుసు డాక్టరు గారూ!” ఫ్లోరిదల్మా శాలువాలో ముఖం దాచుకుంది.

సోమవారం తెల్లవారు బస్సు దామారిస్ లేకుండానే వెళ్ళిపోయింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం చక్రాల కుర్చీ ముందు వరసలో, స్పీకరు పక్కనే ఉంటుంది. కోడలు ఉప్పులేని గంజి చెంచాతో పడుతుంది, కారిన చొల్లు తుడుస్తుంది. రాతి చర్చి ఆడవాళ్ళు కూడా వచ్చి చూసి, “ఇంత సేవ కన్నకూతురైనా చెయ్యదమ్మా,” అని కళ్ళు ఒత్తుకుంటారు. దోన్యా క్లెమెన్సియా నోరు మూసుకునే కూర్చుంటుంది. కోడలు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం కళ్ళు పెద్దవై, మంచి చెయ్యి వణుకుతుంది. అది ఆత్మానందం అంటాడు పాస్టర్ రుఫినో.

పెళ్ళికి ముందు రాజధాని పెద్దాసుపత్రిలో నర్సుగా ఉన్నప్పుడు, పక్షవాతం వార్డుకి ఎవరిని మోసుకొచ్చినా, ఫ్లోరిదల్మా గడియారం చూసే ముందు చెప్పి చేయించేవి ఆ మూడే: నవ్వండి, చేతులెత్తండి, పేరు చెప్పండి.